అంకెల వర్గాలు కూడుతూ పోతే 1కి చేరాలి, లేదా 4 చుట్టూ తిరగాలి. మూడో దారి ఎందుకు లేదు?

లెక్కల మాస్టారు, అమలాపురం

డిసెంబరు 22 గణిత దినోత్సవానికి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలచేత ఒక చార్టు చేయించాలండి. విషయం ఇది: ఏదైనా సంఖ్య తీసుకుని దాని అంకెల వర్గాలు కూడాలి. వచ్చినదాంతో మళ్ళీ అదే పని. 23తో మొదలెడితే 4 + 9 = 13, తర్వాత 1 + 9 = 10, తర్వాత 1. ఇక కదలదు. 43తో మొదలెడితే 25, 29, 85, 89, 145, 42, 20, 4, 16, 37, 58, మళ్ళీ 89. ఇక ఆ ఎనిమిదింట్లోనే తిరుగుడు. 1కి చేరేవాటిని హ్యాపీ నంబర్లు అంటారని పిల్లలకి చెప్పేశాం.

ఎంత పెద్ద సంఖ్యైనా ఈ రెండిట్లో ఒకటే జరుగుతుందని పిల్లల చేతే నిరూపణ చేయించవచ్చా? బీజగణితం ఎక్కువ లేకుండా కావాలి. బోర్డు మీద ఒక్క పీరియడ్‌లో పూర్తయ్యేలా పని ఎలా పంచాలి, పిల్లలు ఎక్కడ తప్పుతారు, ఆ తప్పు వెంటనే ఎలా పట్టుకోవాలి? ఇంకొకటి: పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం 7కి, 19కి బాగానే ఆగుతోంది, 4 ఇస్తే ఎంతకీ ఆగడంలేదు. మన ప్రాంతానికి సంబంధించిన సంఖ్యలు కూడా చార్టులో ఉంటే బాగుంటుంది. తెలిసినవాళ్ళు చెప్పగలరు.


దవళేశ్వరం గట్టు

మాస్టారూ, నిరూపణ ఎనిమిదో తరగతికి బాగా అందుతుందండి. మొత్తం ఒక్క మాట మీద నిలబడుతుంది: 100 గానీ అంతకు మించి గానీ ఉన్న ఏ సంఖ్యకైనా, అంకెల వర్గాల మొత్తం ఆ సంఖ్య కన్నా తప్పకుండా తక్కువే వస్తుంది.

ఎందుకో స్థానాల వారీగా లాభనష్టాలు వేయించండి. వందల స్థానంలో 1 ఉందనుకోండి. దాని విలువ 100, మనం బదులు వేసుకునేది 1. నష్టం 99. అదే 9 ఉంటే 900 పోయి 81 వస్తుంది, నష్టం 819. అంటే వందల స్థానం దగ్గర తక్కువలో తక్కువ 99 పోతుంది. పదుల స్థానంలో 9 ఉంటే 90 పోయి 81, నష్టం 9. 5 ఉంటే 50 పోయి 25. సున్నా ఉంటే నష్టమూ లేదు, లాభమూ లేదు. ఆ స్థానంలో లాభమన్నది ఎప్పుడూ రాదు. లాభం ఇచ్చేది ఒకట్ల స్థానం ఒక్కటే. 9 పోయి 81 వస్తుంది, లాభం 72. అంతకన్నా ఎక్కువ రాదు. 99 నష్టంలో 72 లాభం తీసేస్తే ఇంకా 27 నష్టం మిగిలే ఉంది. కనీసం 27 తగ్గాల్సిందే. సరిగ్గా 27 తగ్గేది కూడా ఉంది చూడండి, 109 నుంచి 82. వేల స్థానం, లక్షల స్థానం ఉంటే నష్టం ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు.

కాబట్టి ఎంత పెద్ద సంఖ్యైనా దిగుతూ దిగుతూ 99కి గానీ దాని కిందికి గానీ రావాలి. అక్కడికి వచ్చాక మళ్ళీ పైకి లేవచ్చు (99 నుంచి 162కి పోతుంది), కానీ లేచింది మళ్ళీ దిగక తప్పదు (162 నుంచి 41). అలా ఎన్నిసార్లు లేచినా రెండంకెల లోపలికే తిరిగొస్తూ ఉంటుంది. ఉన్నవి 99 సంఖ్యలే గనుక ఏదో ఒకటి రెండోసారి తగులుతుంది, తగిలిన క్షణం నుంచి అంతా పునరావృతమే. ఇక తేల్చాల్సింది ఎన్ని రకాల తిరుగుళ్ళు ఉన్నాయన్నది. అందుకు 1 నుంచి 99 దాకా చేసి చూడాలి. వేరే అడ్డదారి లేదు, అక్కర్లేదు కూడా.

99 చెయ్యక్కర్లేదండి, 54 చాలు. అంకెల వరస మారితే మొత్తం మారదు, సున్నా కలిపితే ఏమీ చేరదు. 19, 91, 109, 190, 901 అన్నీ ఒక్కటే, అన్నీ 82కే పోతాయి. రెండంకెల జంటలు వరస పట్టించుకోకుండా లెక్కపెడితే 55, సున్నా సున్నా తీసేస్తే 54.

వాటిలో 1కి చేరేవి పది జంటలు మాత్రమే. వెనకనుంచి చెట్టు గీయించండి, చార్టుకి అదే అందం:

1 ← 10 ← 13, 31
13 ← 23, 32
32 ← 44
10 ← 130 ← 79, 97
97 ← 49, 94
49 ← 7, 70
1 ← 100 ← 68, 86
68 ← 28, 82
82 ← 19, 91

పదో జంట 1, 10 అన్నమాట. ఈ పదీ నోటికొస్తే ఎంత పెద్ద సంఖ్యకైనా రెండంకెల దాకా దింపి వెంటనే తేల్చేయొచ్చు. 100 లోపు (100తో కలిపి) హ్యాపీ నంబర్లు 20.

మిగతా 44 జంటలూ ఆ ఎనిమిదింటి గుంపులోకి పోతాయి: 4, 16, 37, 58, 89, 145, 42, 20. పని పంచడానికి 11 జట్లు చేసి జట్టుకి నాలుగు జంటలు ఇవ్వండి. ఆ ఎనిమిదింట్లో ఏది తగిలినా ఆపేయమనండి, పక్క జట్టు తేల్చేసిన జంట తగిలినా ఆపేయమనండి. 6 వచ్చిన జట్టు పాపం కాస్త ఎక్కువ తిరగాలి: 36, 45, 41, 17, 50, 25, 29, 85, 89. తొమ్మిది అడుగులు. 9 వచ్చినవాళ్ళకి 81, 65, 61, 37తో అయిపోతుంది.

తప్పుల సంగతి. ఎక్కువగా జరిగేది వర్గానికి బదులు రెట్టింపు చెయ్యడం, 3కి 6, 7కి 14. ఇది 2 దగ్గర బయటపడదు, రెండు రెళ్ళూ నాలుగే, రెండు వర్గమూ నాలుగే. అందుకని ఉదాహరణలకి 2 ఉన్న సంఖ్యలు ముందు వాడొద్దు. తర్వాతది, 44 లాంటి చోట 16 ఒక్కసారే వేసి ఊరుకోవడం. ఇంకోటి, 13 వచ్చాక అంకెలు విడదీయకుండా 169 అనెయ్యడం.

పట్టుకోవడానికి ఒక చక్కటి పరీక్ష ఉంది. సరి అంకె వర్గం సరి, బేసి అంకె వర్గం బేసి. కాబట్టి అంకెల మొత్తం సరి అయితే వర్గాల మొత్తమూ సరి కావాలి, బేసి అయితే బేసి. 85 తీసుకోండి, 8 + 5 = 13 బేసి, 64 + 25 = 89 బేసి. సరిపోయింది. 85కి ఎవరైనా 26 తెస్తే రెట్టింపు చేశారని చూడగానే తెలుస్తుంది.

దీనికి తోడు మూడుతో ఇంకో పరీక్ష. 3, 6, 9 వర్గాలు మూడుతో నిశ్శేషంగా పోతాయి, 1, 2, 4, 5, 7, 8 వర్గాలకి శేషం ఎప్పుడూ 1. అంటే 0, 3, 6, 9 కాని అంకెలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మూడుతో భాగిస్తే వచ్చే శేషమే జవాబుకీ రావాలి. 145లో అలాంటివి మూడు, శేషం 0. జవాబు 42, శేషం 0. ఈ రెండూ దాటిందంటే లెక్క చాలావరకు నమ్మొచ్చు.

ఒక్కటి మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పండి. అంకెలు కూడి, మళ్ళీ కూడి, ఒక్క అంకెకి తెచ్చే పద్ధతితో హ్యాపీ నంబర్‌ని కనిపెట్టలేం. 19కి, 37కి రెండిటికీ ఆ పద్ధతిలో 1 వస్తుంది. 19 హ్యాపీ, 37 కాదు.


కాకినాడ ల్యాబ్

ప్రోగ్రాం ఆగకపోవడానికి కారణం పై జవాబులోనే ఉందండి. మీ వైల్ లూప్ "1 అయ్యేదాకా" అని ఉండుంటుంది. 4 ఎప్పటికీ 1 కాదు గనుక గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. షరతు "1 గానీ 4 గానీ అయ్యేదాకా" అని మార్చండి. హ్యాపీ కానిదేదైనా ఆ ఎనిమిదింటి గుంపులో పడి తీరుతుంది, పడ్డాక 4 మీదుగా వెళ్ళక తప్పదు. కాబట్టి 4 ఒక్కటి చూస్తే చాలు, ఎనిమిదీ చూడక్కర్లేదు. పిల్లలెవరైనా సున్నా ఇస్తారు, అది సున్నాలోనే ఉండిపోతుంది. దాన్ని మొదట్లోనే వేరుగా ఆపండి.

ఎక్కడ ఆగాలో ముందు తెలియని లెక్కలకి (ఘనాలు చేసినప్పుడు ఇది పనికొస్తుంది) వచ్చిన ప్రతి సంఖ్యనీ ఒక సెట్‌లో వేసుకుంటూ పోండి. ఉన్నదే మళ్ళీ వస్తే ఆపండి. మెమరీ వాడకూడదనుకుంటే తాబేలు కుందేలు పద్ధతి: ఒకటి అడుగడుగునా, ఇంకొకటి రెండేసి అడుగులు, రెండూ ఒకే సంఖ్య మీద కలిసినప్పుడు ఆపండి. కలిసిన చోట 1 ఉంటే హ్యాపీ.

ల్యాబ్‌లో పిల్లల ప్రోగ్రాములు సాధారణంగా తప్పేవి ఇవి.

వర్గానికి టోపీ గుర్తు (^) వాడడం. ఎక్సెల్‌లో అది ఘాతమే, పైథాన్, సీ, జావాల్లో మాత్రం అది బిట్ల మధ్య ఎక్స్‌ఆర్ (రెండు బిట్లూ వేరైతే 1, ఒకటే అయితే 0). అక్కడ 3 టోపీ 2 అంటే 1, 7 టోపీ 2 అంటే 5, 2 టోపీ 2 అంటే 0. ఎర్రర్ రాదు, తప్పు జవాబు వస్తుంది. అంకెని దానితోనే గుణించడం అన్నిటికన్నా క్షేమం. సీలో పవర్ ఫంక్షన్ కూడా వద్దు, అది దశాంశాల్లో లెక్కవేస్తుంది. కొన్ని పాత కంపైలర్లలో 5 వర్గాన్ని పూర్ణాంకంలోకి మార్చగానే 24 వచ్చేస్తుంది.

పైథాన్ 3లో చివరి అంకె తీసేయడానికి ఒక గీత భాగహారం (/) వాడితే 49 కాస్తా 4.9 అవుతుంది, తర్వాత 0.49, అలా చుక్క తర్వాత సాగుతూనే ఉంటుంది. రెండు గీతల భాగహారం (//) వాడాలి.

ప్రతి చుట్టుకీ మొత్తాన్ని సున్నా చెయ్యడం మర్చిపోవడం. 19కి మొదట 82 వస్తుంది, బానే ఉంది. తర్వాత 68 రావాల్సిన చోట 82 + 68 = 150 వస్తుంది. ఆ సున్నా చేసే లైను లోపలి లూపుకి ముందు, బయటి లూపుకి లోపల ఉండాలి.

మొదటి సంఖ్యని వేరే పేరుతో దాచకపోవడం. చివర్లో ప్రతిదానికీ "1 హ్యాపీ" అని అచ్చవుతుంది.

సరిచూసుకోవడానికి ఈ లెక్కలు పెట్టుకోండి: 10 లోపు 3, 100 లోపు 20, 1,000 లోపు 143, 10,000 లోపు 1,442, లక్ష లోపు 14,377, పది లక్షల లోపు 1,43,071, కోటి లోపు 14,18,854 (చివరి సంఖ్యలతో కలిపి). కోటి దాకా ఒక్కొక్కదాన్నీ చివరిదాకా తిప్పితే ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లు నీరుగారిపోతాయి. ఏడంకెల సంఖ్యకి మొదటి మొత్తం 7 × 81 = 567 దాటదు. 1 నుంచి 567 దాకా ఏవి హ్యాపీనో ముందే ఒక పట్టికలో వేసుకుంటే, ఆపై ప్రతి సంఖ్యకీ ఒక్క అడుగు, ఒక్కసారి పట్టిక చూడడం, అంతే.

అంతకన్నా మంచి దారి, సంఖ్యల్ని అసలు ముట్టుకోకుండా మొత్తాల్ని లెక్కపెట్టడం. 0 నుంచి 567 దాకా గడులున్న వరస తీసుకుని సున్నా గడిలో 1 వెయ్యండి, మిగతావి సున్నా. ఒక్కో స్థానానికి కొత్త వరస కట్టాలి. పాత వరసలో ఒక గడిలో ఎంతుందో అంతా, దానికి 0, 1, 4, 9, 16, 25, 36, 49, 64, 81 దూరాల్లో ఉన్న కొత్త గడులన్నిట్లోనూ కలపాలి. ఏడుసార్లు చేశాక ఒక్కో గడిలో ఆ మొత్తం వచ్చే సంఖ్యలు ఎన్నో ఉంటుంది. హ్యాపీ గడుల్ని కూడండి, 14,18,853 వస్తుంది, కోటిని కలుపుకుంటే పైన చెప్పిన లెక్క. నలభై వేల కూడికల్లోపే అయిపోతుంది. కొత్త వరసని పాత వరస మీదే రాసేస్తే మాత్రం ఒకే స్థానం చాలాసార్లు లెక్కలోకి వస్తుంది. రెండు వరసలు వేరుగా ఉంచండి.


లెక్కల మాస్టారు, అమలాపురం

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండి. లాభనష్టాల పద్ధతి అచ్చం మాకు కావాల్సినట్టే ఉంది. టోపీ గుర్తు మా దగ్గరా ఉంది, మార్పించాం, 4 దగ్గర ఆగుతోంది. పిల్లల నుంచి రెండు ప్రశ్నలొచ్చాయి. వర్గాలకి బదులు ఘనాలు కూడితే ఏమవుతుంది? 1,000లో 143, 10,000లో 1,442 అంటే దాదాపు ఏడింట ఒకటి కదా, ఎంత దూరం పోయినా అదే పాలు ఉంటుందా?


పాలకొల్లు

ఘనాల సంగతి నేను చెప్తానండి, నాకు వర్గాల కన్నా అదే ఇష్టం. ఆగే చోట్లు అయిదు: 1, 153, 370, 371, 407. తిరుగుళ్ళు నాలుగు: 136, 244 మధ్య ఒకటి, 919, 1459 మధ్య ఒకటి, 55, 250, 133 మధ్య ఒకటి, 160, 217, 352 మధ్య ఒకటి. అయిదంకెల సంఖ్యకి ఘనాల మొత్తం 5 × 729 = 3,645 దాటదు, నాలుగంకెలకి 2,916 దాటదు. కనక 2,916 దాకా చేసి చూస్తే పూర్తి నిరూపణ. చేత్తో వద్దు, ప్రోగ్రాంతో చేయించండి.

పిల్లలకి చూపించాల్సింది ఇది: మూడుతో భాగించగా పోయే ఏ సంఖ్యైనా 153కే చేరుతుంది. మన కోనసీమ మీదుగా పోయే జాతీయ రహదారి 216నే తీసుకోండి.

216 → 225 → 141 → 66 → 432 → 99 → 1458 → 702 → 351 → 153

కారణం చిన్నది. ఏ అంకెకైనా దాని ఘనంలోంచి ఆ అంకె తీసేస్తే మిగిలేది మూడు వరస సంఖ్యల లబ్ధం. 5కి 125 − 5 = 120 = 4 × 5 × 6. మూడు వరస సంఖ్యల్లో ఒకటి తప్పకుండా మూడు గుణిజం. కాబట్టి ఘనాలు కూడినా అంకెలు కూడినా మూడుతో శేషం ఒకటే, అంకెల మొత్తానికీ అసలు సంఖ్యకీ కూడా శేషం ఒకటే. అంటే శేషం మొదట్నుంచి చివరిదాకా మారదు. ఆ తొమ్మిది గమ్యాల్లో మూడుతో పోయేది 153 ఒక్కటే. శేషం 2 ఉన్నవి 371కి గానీ 407కి గానీ పోవాలి: 23, 35, 152, 134, 92, 737, 713, 371. మిగతావన్నీ శేషం 1 వాటికి. వర్గాల్లో ఈ సుఖం లేదు, 2 వర్గం 4కి శేషం 1 అయిపోతుంది, అక్కడే శేషం చెదిరిపోతుంది.

ఇక మన ప్రాంతపు సంఖ్యలు. ఇవన్నీ వర్గాలతో:

దవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పని మొదలైన 1847: 130, 10, 1. పూర్తయిన 1852: 94, 97, 130, 10, 1. రెండూ హ్యాపీ నంబర్లే! ఇప్పటి బ్యారేజీకి గేట్లు 175: 75, 74, 65, 61, 37, కాదు. బ్యారేజీ నాలుగు భాగాల్లో గేట్లు విడివిడిగా చూస్తే దవళేశ్వరం 70 హ్యాపీ, ర్యాలి 43 కాదు, మద్దూరు 23 హ్యాపీ, విజ్జేశ్వరం 39 కాదు. పిన్ కోడ్లలో కాకినాడ 533001: 44, 32, 13, 10, 1, హ్యాపీ. అమలాపురం 533201: 48, 80, 64, 52, 29, 85, 89, కాదు. భీమవరం 534201: 55, 50, 25, 29, కాదు. నరసాపురం 534275: 128, 69, 117, 51, 26, 40, 16, కాదు. మా పాలకొల్లు 534260 కూడా 90, 81, 65, 61, 37 మీదుగా అటే. పిల్లలు ఎవరి ఊరి పిన్ కోడ్ వాళ్ళు చేసుకోవచ్చు. చార్టులో ఒకచోట 1880, 1881, 1882 కూడా పెట్టించండి. వరసగా మూడు హ్యాపీ నంబర్లు వచ్చే మొదటి చోటు అదే.


దవళేశ్వరం గట్టు

వరసగా ఎన్ని కావాలన్నా దొరుకుతాయండి. ఎసామ్ ఎల్-సెడీ, సమీర్ సిక్సెక్ 2000లో నిరూపించారు. మూడు కాదు, మూడు వేలు వరసగా ఉన్న చోటూ ఎక్కడో ఉంది, కానీ ఆ సంఖ్యలు రాయాలంటే మన చార్టులు చాలవు. ఎనిమిదింటి గుంపు మీద ఆర్థర్ పోర్జెస్ 1945లోనే వ్యాసం రాశారు.

ఏడింట ఒకటి అన్నది మనం చూసిన దూరంలో కనిపించేదే. ఎప్పటికీ అలా ఉండదు. జస్టిన్ గిల్మర్ 2013లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఈ పాలు ఒకచోట స్థిరపడదు. దూరం పోతున్నకొద్దీ పదేపదే 0.185 పైకి లేస్తుంది, పదేపదే 0.114 కిందికి దిగుతుంది.

ఎందుకు ఊగుతుందో పిల్లలకి చెప్పొచ్చు. 0 నుంచి 9 దాకా అంకెల వర్గాల మొత్తం 285, అంటే ఒక అంకెకి సగటున 28.5. ఏడంకెల సంఖ్యలకి మొదటి మొత్తం 200 చుట్టుపక్కల గుమికూడుతుంది, ఎక్కువ భాగం 130కి 270కి మధ్య. కాబట్టి ఏడంకెల్లో హ్యాపీ ఎన్నో తేల్చేది ఆ 130, 270 మధ్య హ్యాపీ నంబర్లు ఎంత దట్టంగా ఉన్నాయన్నది. అంకెలు పెరిగితే ఆ గుంపు ముందుకు జరుగుతుంది, దట్టంగా ఉన్న చోట పడితే పాలు పెరుగుతుంది, పలచగా ఉన్న చోట పడితే తగ్గుతుంది. చిన్న సంఖ్యల్లోని హెచ్చుతగ్గులే చాలా దూరంలో ఉన్న పెద్ద సంఖ్యల్లో మళ్ళీ కనబడతాయన్నమాట.

తొమ్మిదో తరగతికి ఇంకొకటి ఇవ్వండి: 1కి చేరడానికి సరిగ్గా ఇన్ని అడుగులు పట్టే అతి చిన్న సంఖ్య ఏది? ఒక్క అడుగుకి 10, రెండుకి 13, మూడుకి 23, నాలుగుకి 19, అయిదుకి 7, ఆరుకి 356, ఏడుకి 78999. ఇక్కడిదాకా ప్రోగ్రాంతో దొరుకుతాయి. ఎనిమిది అడుగులకి మాత్రం ప్రోగ్రాం ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోతే ఎన్నేళ్ళైనా దొరకదు, ఆ సంఖ్యకి 977 అంకెలు. 3788 రాసి దాని వెనక 973 తొమ్మిదులు పెట్టాలి. అది అతి చిన్నదని నిరూపించడం కష్టం గానీ, ఎనిమిది అడుగులు పడతాయని సరిచూడడం పిల్లల పనే: 9 + 49 + 64 + 64 = 186, తొమ్మిదుల నుంచి 973 × 81 = 78,813, రెండూ కలిపితే 78,999. అక్కణ్ణుంచి 356, 70, 49, 97, 130, 10, 1.